బాండ్ మీద సంతకం ఉంది, ఉద్యోగం మానొచ్చా?

"రెండేళ్లు మానకూడదు, మానితే రెండు లక్షలు కట్టాలి" అని రాసిన స్టాంపు పేపరు మీద సంతకం పెట్టి ఉద్యోగంలో చేరినవాళ్లు హైదరాబాదులో, విశాఖలో ఎందరో ఉన్నారు. మానాల్సిన రోజు వచ్చేసరికి వాళ్లకు రెండు రకాల సలహాలు దొరుకుతాయి. "బాండ్లు కోర్టులో చెల్లవు, రేపటి నుంచి వెళ్లకు" అంటారు ఒకరు. "సంతకం పెట్టావు, ఇక కదలడానికి లేదు" అని భయపెడతారు ఇంకొకరు. రెండూ తప్పే. మొదటిది నమ్మినవాళ్లకు చేతి డబ్బు పోతుంది, రెండోది నమ్మినవాళ్లకు మంచి వయసు పోతుంది.

ముందు ధైర్యం చెప్పే మాట. ఇష్టం లేని మనిషిని ఉద్యోగంలో కొనసాగమని ఏ కోర్టూ ఆదేశించదు. మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని అలా అమలు చేయించడం కుదరదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. వెట్టిచాకిరీని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించింది. కాబట్టి "నిన్ను వెళ్లనివ్వం" అనే బెదిరింపుకు చట్టం బలం లేదు. మిగిలేది డబ్బు సంగతి. కట్టాలా? కడితే ఎంత?

దానికి జవాబు భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్‌లో ఉంది. 1872లో వచ్చిన ఈ చట్టమే ఇప్పటికీ మన ఆఫర్ లెటర్లకు ఆధారం. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం అంతా కట్టి తీరాలని లేదు. కోర్టు ఇప్పించేది సబబైన పరిహారం మాత్రమే. రాసుకున్న అంకె దానికి పైహద్దు, అంతే. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. 2015లో కైలాశ్‌నాథ్ కేసులో ఇంకా విడమరిచింది: నష్టమే జరగనిచోట పరిహారం లేదు, నష్టం జరిగినా లెక్క కట్టడం కష్టమైతే, ముందుగా నిజాయితీగా వేసుకున్న అంచనాను ఒప్పుకోవచ్చు.

ఇది చదివి "అయితే మాది చెల్లదు" అనుకోకండి. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు బాండ్ రాసిన ప్రతివారూ తెలుసుకోవాలి. మూడేళ్లలోపు మానితే రెండు లక్షలు కట్టాలన్న షరతుతో ఒక సీనియర్ మేనేజరు 2007లో చేరారు. 2009లో వేరే బ్యాంకుకు వెళ్తూ, అభ్యంతరం తెలుపుతూనే ఆ డబ్బు కట్టేశారు. తర్వాత షరతే చెల్లదంటూ కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది, సుప్రీంకోర్టు మాత్రం బ్యాంకుదే న్యాయమంది. ప్రభుత్వరంగ బ్యాంకు ఒకరిని తీసుకోవాలంటే ప్రకటన, పరీక్ష, ఇంటర్వ్యూలు అన్నీ బహిరంగంగా జరపాలి. మధ్యలో మానితే ఆ ఖర్చూ శ్రమా మళ్లీ మొదటికొస్తాయి. ఆ హోదాకీ ఆ జీతానికీ రెండు లక్షలు, రాజీనామానే అసాధ్యం చేసేంత పెద్ద మొత్తం కాదంది.

నా దృష్టిలో ఈ తీర్పులో మనం పట్టుకోవాల్సింది ఫలితాన్ని కాదు, ఆ లెక్కను. మీ బాండ్‌కీ అవే ప్రశ్నలు వేయండి. కంపెనీ నిజంగా మీ మీద ఏం ఖర్చు పెట్టింది? బయట సంస్థకు ఫీజు కట్టి నెలల తరబడి శిక్షణ ఇప్పించిందా, లేక పక్క సీటులోని సీనియర్ నాలుగు రోజులు పని చూపించి వదిలేశారా? నెలకు పద్దెనిమిది వేల జీతానికి మూడు లక్షల బాండ్ ఉంటే అది పరిహారమా, బెదిరింపా? ఇరవై నాలుగు నెలలకు ఇరవై నెలలు పనిచేశాక మొత్తం డబ్బూ అడుగుతున్నారా? ఈ జవాబులు బేరమాడేటప్పుడూ పనికొస్తాయి, కోర్టులోనూ పనికొస్తాయి.

ఇక నోటీసు పీరియడ్. దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, అది పోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. బాండ్ లేనిచోట, లేదా దాని గడువు ముగిశాక, నోటీసు ఇచ్చి మానడం మాట తప్పడం కాదు. ఒప్పందంలోనే "మూడు నెలల నోటీసుతో మానవచ్చు" అని ఉంటే, ఆ మూడు నెలలూ పనిచేసి వెళ్లడం ఒప్పందాన్ని నెరవేర్చడమే. నమ్మకద్రోహం చేస్తున్నట్టు తలొంచుకోనక్కర్లేదు. చెప్పకుండా మాయమైతే మాత్రం తప్పు మీ వైపు పడుతుంది, ఫైల్లో "అబ్‌స్కాండింగ్" అన్న ముద్ర కూడా పడుతుంది.

నోటీసు బదులు జీతం కట్టి వెళ్లొచ్చా అన్నది మీ ఆఫర్ లెటరులోని ఒక్క వాక్యం మీద ఉంటుంది. "ఇరువైపులా ఎవరైనా" అని ఉంటే ఎంపిక మీది కూడా. "కంపెనీ విచక్షణ మేరకు" అని ఉంటే అడిగి ఒప్పించుకోవాలి. రాజీనామా చేసిన సాయంత్రమే ల్యాప్‌టాప్ లాక్కుని "రేపటి నుంచి రావొద్దు" అంటే, "నోటీసు కాలం పూర్తిగా పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను" అని ఆ రాత్రే మెయిల్ పెట్టండి. పని చేస్తామని ముందుకొచ్చినా అవతలివారు కాదంటే, పని జరగనందుకు బాధ్యత మీది కాదని కాంట్రాక్టు చట్టం 38వ సెక్షన్ అంటోంది. ఆ మెయిల్ కాపీ మీ సొంత ఐడీకి కూడా వెళ్లాలి. ఆఫీసు మెయిల్ మర్నాటికి తెరుచుకోదు.

ఒప్పందం కంపెనీ కూడా తప్పవచ్చు, తరచుగా తప్పుతుంది. వరుసగా జీతాలు ఆపేసి, ఇవ్వలేమని తేల్చేసిన యాజమాన్యం, బాండ్ చూపించి ఉద్యోగిని కట్టిపడేయలేదు. తన మాటను పూర్తిగా నెరవేర్చడానికి నిరాకరించిన పక్షంతో తెగతెంపులు చేసుకునే హక్కును 39వ సెక్షన్ రెండో పక్షానికి ఇస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. ఏమీ అనకుండా నెలల తరబడి పని చేస్తూపోతే మీరు సమ్మతించినట్టే లెక్కవేయవచ్చు. జీతం ఆగిన మొదటి నెలలోనే అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టండి, గొడవ పడక్కర్లేదు.

పెళ్లయింది, ఊరు మారింది, మంచి ఆఫర్ వచ్చింది అన్నవి ఒప్పందాన్ని రద్దు చేసే కారణాలు కావు. 56వ సెక్షన్ అడిగేది అసాధ్యం కావడం, కష్టం కావడం కాదు. పని చేయలేని స్థితికి తెచ్చిన అనారోగ్యం వేరే సంగతి. అప్పుడు ఆసుపత్రి కాగితాలు దాచుకోండి.

"మానాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదు" అనే షరతు మనిషి బతుకుతెరువును అడ్డుకునేది కనుక 27వ సెక్షన్ కింద చెల్లదు. కానీ గోలికరి కేసు గుర్తుంచుకోవాలి. అయిదేళ్ల ఒప్పందంతో టైర్ల నూలు తయారుచేసే కంపెనీలో చేరి, మధ్యలోనే పోటీ కంపెనీకి వెళ్లిన ఉద్యోగిని, ఆ అయిదేళ్లు తీరేదాకా అక్కడ అలాంటి పని చేయకూడదని 1967లో సుప్రీంకోర్టు ఆపింది. గడువు లోపల ఒక న్యాయం, గడువు తీరాక ఇంకొకటి. కంపెనీ రహస్యాలు, క్లయింట్ల డేటా పట్టుకెళ్లడం ఎప్పుడూ తప్పే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేవి బాండ్‌తో పాటు తీసుకునే మూడు వస్తువులు: ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కు, తండ్రి సంతకం. బాకీ తీరేదాకా ఇతరుల వస్తువులు అట్టిపెట్టుకునే సాధారణ హక్కును కాంట్రాక్టు చట్టం బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీల వంటి కొన్ని వర్గాలకే ఇచ్చింది. ఆ జాబితాలో యజమాని లేడు. వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోండి. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపుకున్నా, అప్పు ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుంది. అప్పు లేదని చూపించే భారం మీ మీద పడుతుంది. ఇక హామీదారుగా సంతకం పెట్టిన తండ్రి బాధ్యత, వేరేగా రాసుకోకపోతే, బిడ్డ బాధ్యతతో సమానం. రైతుగానో చిరుద్యోగిగానో బతికే మనిషి చేత ఇంగ్లీషు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టించకండి.

కంపెనీతో రాజీ కుదిరితే అది కాగితం మీదికి రావాలి. తక్కువ తీసుకుని మిగతాది వదిలేసే వీలు 63వ సెక్షన్ ఇస్తుంది, కానీ "ఇక ఏ బాకీ లేదు" అన్న ముక్క రిలీవింగ్ లెటరులోనో, విడి ఉత్తరంలోనో ఉండాలి. హెచ్ఆర్ ఫోనులో చెప్పిన మాటను రుజువు చేయడం కష్టం. రాజీనామా చేసినవారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ చెబుతోంది. కంపెనీకి రాసే మెయిల్‌లో ఆ సంగతి ప్రస్తావించండి.

లాయరు నోటీసు వస్తే భయపడి డబ్బు కట్టేయొద్దు, చించి అవతల పారేయొద్దు. చెక్కు బౌన్స్ నోటీసైతే అందిన 15 రోజుల్లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. బాండ్ డబ్బు కోసం దావా వేయడానికి కంపెనీకి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది, కాబట్టి కాగితాలు అన్నాళ్లూ భద్రంగా ఉంచాలి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయసాయం ఉచితం. వెళ్లేటప్పుడు బాండ్ కాపీ, ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, శిక్షణ తేదీలు తెలిపే మెయిళ్లు, రాజీనామా కాపీ వెంట తీసుకెళ్లండి.