పత్రికాప్రకటన వ్రాయు విధము

పంట పండించుట యొక విద్య. దానిని అమ్ముకొనుట మరియొక విద్య. ఈ మాట చేతిపనులకును చెల్లును. సేద్యముతోపాటు నేత, అద్దకము, బొమ్మల పని చేయు కుటుంబములు మన గ్రామములందు గలవు. వస్తువెంత మేలైనదైనను పొలిమేర దాటి దాని పేరు వినబడనిచో, బేరగాడు చెప్పినదే ధర యగును. పేరు వినిపించుటకు ఖర్చు తక్కువైన సాధనము పత్రికాప్రకటన. ఏటికొప్పాక బొమ్మలను ఉదాహరణముగా గైకొని దీనిని వివరించెదము.

వ్యాపారప్రకటనకు సొమ్ము చెల్లించి పత్రికలో స్థలము కొనవలెను. మన మాటలే అచ్చుపడును. పత్రికాప్రకటన యన్ననో వార్తగా పంపునది. దానికి రుసుము లేదు. కాని వేయుటయు, కుదించుటయు, మానుటయు సంపాదకుని యిష్టము. కావున పాఠకులకు పనికివచ్చు క్రొత్త సంగతి యందుండవలెను.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్నది. అచ్చటివారు అంకుడు కర్రను తరిమెన పట్టి, పసుపు, నీలి, జాఫ్రాగింజలు మున్నగువాని రంగులను లక్కలో కలిపి పూయుదురు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఈ బొమ్మలతో తీర్చిన ఆంధ్రప్రదేశ్ శకటము రాష్ట్రముల శకటములలో తృతీయస్థానము నందెను. ఇట్టి వేళ పత్రికల దృష్టి ఆ పనిపై నుండును. అదనెరిగి విత్తినట్లు ఆ వారముననే ప్రకటన పంపవలెను.

“మా బొమ్మలు మిక్కిలి అందమైనవి, కొనుడు” అనునది వార్త కాదు. “బొమ్మల పనివారు వచ్చు ఆదివారము అంకుడు మొక్కలు నాటి, బడిపిల్లలకు తరిమెన పని చూపుదురు” అనునది వార్త. వ్రాయునపుడు ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అనునవి మొదటనే చెప్పవలెను. స్థలము చాలనిచో తుదిభాగమే తీసివేయబడును.

2. ఒక పుటకు మించరాదు. పొగడ్తలు వలదు.

3. పనివాని మాట యొకటి, అతని సమ్మతితో, అతని పేరుతో చేర్చవలెను.

4. పని జరుగుచుండగా తీసిన ఫోటోయు, దాని వివరమును జతపరుపవలెను.

5. తేదీ, చిరునామా, వెంటనే జవాబీయగల వాని ఫోను నంబరు ఉండవలెను.

6. కార్యక్రమమునకు వారము ముందుగా జిల్లా విలేకరులకు పంపవలెను. ఈమెయిలు చాలును.

అన్నిటికంటె ముఖ్యము సత్యము. చెట్టుచేమల రంగులని వ్రాసి అంగడి రంగులు పూయరాదు. బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొనును. అబద్ధము బయటపడినచో ఒక్క యింటి పేరే గాక ఊరి పేరంతయు చెడును. వేరొకచోట చేసిన బొమ్మను ఏటికొప్పాక బొమ్మయని అమ్ముట 1999వ సంవత్సరపు భౌగోళిక గుర్తింపుల చట్టమునకును విరుద్ధము.

వార్త వెలువడునాటికి సరకు సిద్ధముగా నుండవలెను. వచ్చినవాడు వట్టిచేతుల పోయినచో మరల రాడు. అచ్చుపడిన ముక్కను భద్రపరచిన యెడల ప్రదర్శనశాలల వారికిని, టోకు వర్తకులకును చూపుట కక్కరకు వచ్చును.

ఒంటరి పనివానికి ఇదంతయు కష్టమైనను సంఘమునకు సులభము. రానున్న సమావేశమునకు ముందే తమ గ్రామమునందలి యొక చేతిపనిని గూర్చి ఒక్క పుట వ్రాసి, సభ్యులందరిచే సరిచూపించి, పత్రికలకు పంపుడు.