యంత్రం మోసం చేస్తుందా?

దాడి ఆట మీకు తెలిసే ఉంటుంది. బండమీద ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు గీసి, వాటి భుజాల మధ్యబిందువులను కలిపితే 24 స్థానాలు ఏర్పడతాయి. ఒకరు 9 చింతగింజలు, మరొకరు 9 గులకరాళ్ళు తీసుకొని, తమవి మూడింటిని ఒకే గీతమీద చేర్చాలని చూస్తారు. మూడూ కలిస్తే దాడి! ఎదుటివారి కాయ ఒకటి పోతుంది. ఈ ఆటలో అదృష్టానికి తావు లేదు. ఇద్దరూ ఏ తప్పూ లేకుండా ఆడితే ఎవరూ గెలవరని 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటరు సహాయంతో నిరూపించాడు.

మూడింటిని కలిపే ఆటలు కంప్యూటర్లలోనూ, ఫోన్లలోనూ ఉన్నాయి. అయితే వాటిలో అదృష్టానికి చాలా చోటుంది. 2007లో వచ్చిన 'పజిల్ క్వెస్ట్' చూడండి. అందులో వీరులు, రాక్షసులు, మంత్రాలు ఉంటాయి. యుద్ధమంతా 64 గళ్ళ పలకమీదే! గళ్ళలో రంగురాళ్ళు, పుర్రెలు, నాణేలు, నక్షత్రాలు ఉంటాయి. పక్కపక్కనున్న రెండింటిని తారుమారు చేసి, ఒకే రకం మూడింటిని వరుసలోకి తేవాలి. రంగురాళ్ళు కలిస్తే మంత్రశక్తి వస్తుంది. పుర్రెలు కలిస్తే శత్రువుకు దెబ్బ తగులుతుంది. కలిసినవి మాయమై, పైవి కిందికి జారుతాయి. ఖాళీలలో కొత్తవి పడతాయి. తరువాత కంప్యూటరు వంతు.

ఈ ఆట ఆడినవారిలో చాలామంది ఒక ఫిర్యాదు చేశారు. కంప్యూటరు ఒక్క ఎత్తు వేయగానే, పైనుంచి పడినవి వాటంతటవే మూడేసి కలిసిపోతున్నాయట! ఏవి పడబోతాయో దానికి ముందే తెలుసునని వారి అనుమానం. ఆటను రూపొందించిన స్టీవ్ ఫాక్‌నర్ అలాంటిదేమీ లేదన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ముందు లెక్కవేసి చూద్దాం.

మీరే చేసి చూడండి

ఒక పాచిక, ఒక కాగితం చాలు. కాగితానికి కొదవేమిటి? కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది. 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్లనే ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. ఒకవైపు రాసేసిన కాగితమైనా సరే, దాని వెనుక 8 అడ్డువరుసలు, 8 నిలువువరుసలు గీయండి. ఒక్కొక్క గడికి ఒకసారి పాచిక వేసి, పడిన అంకెను అందులో రాయండి. ఆరు అంకెలు ఆరు రకాల రాళ్ళనుకోండి. ఇప్పుడు ఒకే అంకె వరుసగా మూడు గళ్ళలో ఎన్నిచోట్ల వచ్చిందో లెక్కపెట్టండి.

ఎన్ని రావాలి? ఒక అడ్డువరుసలో 1-2-3, 2-3-4, ఇలా 6-7-8 వరకు మూడేసి గళ్ళ జట్లు 6 ఉంటాయి. 8 వరుసలకు 48. నిలువుగా మరో 48. మొత్తం 96. ఒక జట్టులో మొదటి గడిలో ఏ అంకె ఉన్నా, రెండవది అదే కావడానికి అవకాశం 1/6. మూడవది కూడా అదే కావడానికి 1/6. రెండింటినీ గుణిస్తే 1/36. 96ను 36తో భాగిస్తే సుమారు 2.7 వస్తుంది. అనగా ఎవరూ ఏ ఎత్తూ వేయకుండానే సగటున రెండు మూడు జట్లు కలుస్తాయన్నమాట! ఒక కాగితంమీద ఒక్కటీ రాకపోవచ్చు. మరొకదానిమీద ఐదు రావచ్చు. రకాలు నాలుగే అయితే సగటు 96/16, అంటే 6. రకాలు తగ్గినకొద్దీ అదృష్టం పెరుగుతుంది.

మరి కంప్యూటరుకే అదృష్టం ఎక్కువగా ఉన్నట్టు ఎందుకు తోస్తుంది? మనకు కలిసివస్తే మన తెలివి అనుకొని మరచిపోతాం. ఎదుటివారికి కలిసివస్తే గుర్తుంచుకుంటాం. కనుక జ్ఞాపకాన్ని నమ్మకండి. పట్టిక వేయండి. పలకమీద కనిపిస్తున్నవి ఎక్కడికి జారతాయో ముందే చూసుకోవడం నేర్పు, దానిని వదిలేయండి. కొత్తగా పడినవాటితో కలిసిన జట్లనే లెక్కపెట్టండి. చెరి 50 ఎత్తులలో మీకు 9, దానికి 11 వస్తే అది మోసానికి సాక్ష్యం కాదు. మీకు 5, దానికి 40 వస్తే మాత్రం అనుమానించవలసిందే.

తెరమీద 'భేష్' అని మెరిసినప్పుడు, ఆ మెప్పు మీ ఎత్తుకా, పాచికకా అని అడగండి. 'ఇంకొక్క ఆట' అనిపించేది చాలాసార్లు ఆ పాచిక వల్లనే.

ఆలోచించండి: మొదట్లో ఒక్క జట్టూ కలవకుండా పలకను నింపాలి. పై వరుస నుంచి, ఎడమ నుంచి కుడికి నింపుతూ, ఎడమనున్న రెండూ ఒకే రకమైతే ఆ రకాన్ని, పైనున్న రెండూ ఒకే రకమైతే ఆ రకాన్ని వదిలేయాలి. ఎక్కడా ఆగిపోకుండా ఉండాలంటే కనీసం ఎన్ని రకాలు కావాలి?