రాని రంగు చెప్పే సాక్ష్యం

హైదరాబాదులోని ఫిల్మ్ నగర్‌లో చలనచిత్రాలు రీళ్ల మీద రూపుదిద్దుకొన్న కాలంలో నెగటివ్ అనే మాట అందరి నోటా వినిపించేది. నలుపు తెలుపు చిత్రాల ఫిల్ములో వెలుగు తాకిన చోట వెండి లవణాలు డెవలపర్ ద్రవంలో క్షయకరణం చెంది నల్లబడతాయి. వెలుగు తాకని చోటు తేటగా మిగులుతుంది. చూడనేర్చినవారికి ఆ తేటదనం కూడా బొమ్మలో భాగమే. కెమెరాలు డిజిటల్ అయి రీళ్లు మరుగున పడినా, ఇటువంటి చూపును కోరే పద్ధతి ఒకటి జీవరసాయన ప్రయోగశాలలలో నేటికీ నిలిచి ఉన్నది.

ప్రాణవాయువు ప్రాణాధారమే. కాని జీవకణంలో దాని నుండి సూపరాక్సైడ్ అనే హానికర రూపం పుడుతూ ఉంటుంది. దానిని అణచివేసే ఎంజైము పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. దీని పనిని 1969లో అమెరికా శాస్త్రవేత్తలు మెకార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. ఎషెరిషియా కోలి అనే బాక్టీరియా కణద్రవంలో ఈ ఎంజైము రెండు రకాలుగా ఉంటుంది. ఆ రెండూ లోపించిన బాక్టీరియా గాలి సోకిన చోట, అమైనో ఆమ్లాలు అందించనిదే, పెరగజాలదని 1986లో తేలింది.

కంటికి కనిపించని ఈ రక్షకుని బలాన్ని కొలవడమెట్లా? 1971లో బోషాంప్, ఫ్రిడోవిచ్ ఒక ఉపాయం చెప్పారు. పరీక్షనాళికలో రైబోఫ్లేవిన్, మెథియోనైన్, లేత పసుపు వన్నె గల నైట్రోబ్లూ టెట్రాజోలియం కలుపుతారు. వెలుగు సోకగానే రైబోఫ్లేవిన్ మెథియోనైన్ నుండి ఎలక్ట్రాన్‌ను గ్రహించి ఆక్సిజన్‌కు అందిస్తుంది, సూపరాక్సైడ్ పుడుతుంది. అది టెట్రాజోలియాన్ని క్షయకరించి నీలి ఫార్మజాన్‌గా మారుస్తుంది. బాక్టీరియా సారంలో ఎంజైము ఉంటే సూపరాక్సైడ్‌ను ముందుగానే హరిస్తుంది. కావున నీలం తగ్గుతుంది. ఆ తగ్గుదలను 560 నానోమీటర్ల కాంతి వద్ద కొలుస్తారు. నీలాన్ని సగానికి తగ్గించే ఎంజైము పరిమాణమే ఒక యూనిట్.

నీలిరంగుతో కొలిచే విద్యలో తెలుగువారికీ భాగమున్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలసి 1925లో హార్వర్డులో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అక్కడ భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కనవుతుంది. ఇక్కడ రాని నీలమే సాక్షి.

లేమి సాక్ష్యమిస్తుందా? ఇస్తుందన్నారు భాట్ట మీమాంసకులు, అద్వైతులు. దానికి అనుపలబ్ధి అని పేరు పెట్టి ప్రమాణాలలో చేర్చారు. అయితే ఒక నియమం విధించారు: వస్తువు ఉంటే తప్పక కనిపించవలసిన పరిస్థితిలో కనిపించకపోతేనే అది లేదని చెప్పాలి. చీకటిలో కుండ కనబడలేదని, కుండ లేదనరాదు.

ప్రయోగశాలకూ ఇదే నియమం. వెలుగు పడని నాళికలోనూ నీలం రాదు. ఆ ఘనత ఎంజైముది కాదు. అందువల్ల ఎంజైము కలపని నాళిక ఒకటి, చీకటిలో ఉంచిన నాళిక మరొకటి పక్కన ఉండాలి. వెలుగు పడే నాళికలన్నింటి మీద అది సమానంగా పడాలి. బాగా మరిగించి ఎంజైమును నశింపజేసిన సారాన్ని కూడా పరీక్షించాలి. అప్పటికీ నీలం తగ్గితే ఆ పని చేసినది మరొక పదార్థం. ఈ జాగ్రత్తలు విడిచిన వాడు రాని రంగును చూసి లేని బలాన్ని లెక్కగడతాడు.