ఫిలిస్ వీట్లీ – బానిస కంఠంలో పలికిన భక్తికవిత

పాఠ్యభాగ ఉద్దేశం

నోరు విప్పి న్యాయం అడిగే అవకాశం లేని మనిషి తన వేదనను ఏ మాటల చాటున దాచి పలుకుతాడో గ్రహించడం సాహిత్య విద్యార్థికి అవసరం. 18వ శతాబ్దంలో అమెరికాలో బానిసగా జీవించిన ఒక కవయిత్రి, తన యజమానుల మతగ్రంథాన్నే ఆధారం చేసుకొని వర్ణవివక్షను నిలదీసిన తీరును తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1761వ సంవత్సరం జూలై నెలలో బోస్టన్ రేవుకు ఒక బానిసల నౌక చేరింది. దాని పేరు 'ఫిలిస్'. పశ్చిమ ఆఫ్రికా నుండి తెచ్చిన బందీలలో బక్కపలుచని బాలిక ఒకతె ఉంది. ముందరి పాలపళ్ళు ఊడి ఉండటాన్ని బట్టి ఆమెకు ఏడెనిమిదేళ్ళు ఉండవచ్చునని ఊహించారు. జాన్ వీట్లీ అనే వర్తకుడు తన భార్య సుసన్నాకు పరిచారికగా ఆ పిల్లను కొన్నాడు. మోసుకొచ్చిన నౌక పేరు, కొన్న యజమాని ఇంటిపేరు కలిసి ఆమె పేరయింది. కన్నవారు పెట్టుకున్న పేరేమిటో చరిత్రకు అందలేదు.

యజమాని కుటుంబం ఆమెకు చదువు నేర్పింది. అది ఆ కాలంలో బానిసలకు అరుదుగా దక్కిన భాగ్యం. ఏడాదిన్నర గడవక ముందే ఆమె బైబిలును ధారాళంగా చదవగలిగింది. లాటిన్ భాషను అభ్యసించింది. ఆంగ్లకవులైన మిల్టన్, పోప్‌ల కావ్యాలను ఆకళించుకొంది. 1767లో ఆమె కవిత తొలిసారి పత్రికలో అచ్చయింది. 1770లో మరణించిన ప్రసిద్ధ మతబోధకుడు జార్జి వైట్‌ఫీల్డ్‌పై రాసిన స్మృతిగీతం ఆమె కీర్తిని సముద్రం దాటించింది. 1771లో బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చిలో ఆమె బాప్తిస్మం పొందింది.

అయితే కవితాసంపుటి వెలువడటం సులభం కాలేదు. ఒక నల్లజాతి బానిస ఇంతటి కవిత్వం రాయగలదని నమ్మడానికి లోకం సిద్ధంగా లేదు. ఆ పద్యాలు ఆమె రచనలేనని గవర్నరు థామస్ హచిన్సన్, జాన్ హాంకాక్ మొదలైన 18 మంది బోస్టన్ ప్రముఖులు సంతకాలు చేసి ధ్రువీకరించవలసి వచ్చింది. బోస్టన్‌లో తగిన ఆదరణ లభించకపోగా, 1773లో ఆ గ్రంథం లండన్‌లో ప్రచురితమయింది. తెల్లవాడు రాస్తే పద్యమే సాక్ష్యం. నల్లపిల్ల రాస్తే పద్యానికి సాక్షులు కావాలి! ఆనాటి వివక్ష స్వరూపం ఈ ఒక్క సంఘటనలో ద్యోతకమవుతుంది.

ఆ సంపుటిలో ఆఫ్రికా నుండి అమెరికాకు తెచ్చిన సందర్భాన్ని గూర్చిన ఎనిమిది పంక్తుల కవిత ఒకటి ఉంది. పూర్వార్ధంలో ఆమె, దైవకృప తనను అన్యమతదేశం నుండి తీసుకొచ్చి రక్షకుని ఎరుక కలిగించిందని వినయంగా చెబుతుంది. ఇంతవరకే చదివిన వారికి ఇది బానిసత్వాన్ని మెచ్చుకొన్నట్లు తోస్తుంది. తరువాతి కాలపు విమర్శకులలో కొందరు ఆమెను యజమానులకు లొంగిపోయిన కవయిత్రిగా నిందించడానికి ఇదే కారణం.

కాని ఉత్తరార్ధంలో స్వరం మారుతుంది. తమ జాతిని చీదరించుకొనే వారిని ఆమె ప్రస్తావిస్తుంది. ఆపై క్రైస్తవులను సంబోధించి, కయీను వలె నల్లనివారు సైతం పరిశుద్ధులై దేవదూతల సరసన నిలువగలరని గుర్తుచేస్తుంది. సోదరుడైన హేబెలును చంపిన కయీనుపై దేవుడు ఒక గుర్తు వేశాడని బైబిలు కథ. ఆ గుర్తు నల్లని చర్మమేనని ఆనాడు కొందరు వ్యాఖ్యానించి బానిసత్వాన్ని సమర్థించుకొన్నారు. ఆమె వారి ఉపమానాన్నే గ్రహించి, వారి నిర్ణయాన్ని తలకిందులు చేసింది. మోక్షానికి రంగు అడ్డు కానప్పుడు మనిషి గౌరవానికి మాత్రం ఎలా అడ్డవుతుందన్నది అందులోని ధ్వని. ఆంగ్లంలో కయీను పేరు, చెరకు అనే మాట ఒకే విధంగా వినిపిస్తాయి. 'శుద్ధి' అనే అర్థంలో ఆమె వాడిన పదం చక్కెర తయారీకీ చెల్లుతుంది. బానిసల చెమటతో తయారయ్యే చక్కెరను ఆమె శ్లేషగా సూచించిందని కొందరు విమర్శకుల అభిప్రాయం.

డార్ట్‌మత్ ప్రభువుకు రాసిన పద్యంలో ఈ చాటు తొలగింది. తనకు స్వేచ్ఛపై ఇంత మక్కువ ఎందుకని ఆయన అడుగుతాడేమోనని ఊహించి, తండ్రి ఒడి నుండి తనను క్రూరంగా లాక్కొన్న వైనాన్ని ఆమె తలచుకొంటుంది. 1773లోనే ఆమెకు దాస్యవిముక్తి లభించింది. మరుసటి ఏడు అమెరికన్ ఆదివాసి మతబోధకుడు శాంసన్ ఆకమ్‌కు రాసిన లేఖలో, స్వేచ్ఛాకాంక్షను దేవుడే ప్రతి హృదయంలో నాటాడని ఆమె ప్రకటించింది. బానిసల యజమానులను ఇశ్రాయేలీయులను బంధించిన ఐగుప్తీయులతో పోల్చింది. తమ స్వాతంత్ర్యానికై కేకలు వేస్తూ ఇతరులను అణచివేసే వారి మాటకూ చేతకూ గల వైరుధ్యాన్ని ఎత్తిచూపింది.

స్వేచ్ఛ లభించినా సుఖం లభించలేదు. 1779లో రెండవ సంపుటికి ప్రకటన ఇచ్చినా తగినంతమంది చందాదారులు ముందుకు రాలేదు. ఆ రాతప్రతి నేటికీ దొరకలేదు. 1784 డిసెంబరు 5న, సుమారు 31 ఏళ్ళ ప్రాయంలో, పేదరికంలో ఆమె కన్నుమూసింది. 2003లో బోస్టన్ నగరం నెలకొల్పిన మహిళా స్మారకంలో ఆమె విగ్రహానికి స్థానం దక్కింది. తనను సరుకుగా దింపిన ఊరిలోనే ఆమె కవయిత్రిగా నిలిచింది.

పదాలు – అర్థాలు

ద్యోతకమగు : వెల్లడియగు
ధ్వని : మాటలకు వెనుక స్ఫురించే అర్థం
శ్లేష : ఒకే పదంలో పలు అర్థాలు కల్పించడం
వైరుధ్యం : పరస్పర వ్యతిరేకత
దాస్యవిముక్తి : బానిసత్వం నుండి విడుదల

అభ్యాసం

1. ఫిలిస్ వీట్లీకి ఆ పేరు ఎలా వచ్చింది?
2. కయీను ప్రస్తావన ద్వారా కవయిత్రి చేసిన వాదాన్ని వివరించండి.
3. "నల్లపిల్ల రాస్తే పద్యానికి సాక్షులు కావాలి!" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. ఫిలిస్ వీట్లీ యజమానులకు లొంగిపోయిన కవయిత్రి అనే విమర్శతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.