మ్రొక్కుబడిగా ఆడు నాటకము

నటనమే జీవనముగా గలవారు కొందఱు. వృత్తి వేఱైనను, దేవుని పేరిట తమ ఊరివారి యెదుట అప్పుడప్పుడు వేషము కట్టువారు మఱికొందఱు. క్రిస్మసునాటి రాత్రి కంబళి కప్పుకొని గొల్లలుగాను, కాగితపు కిరీటము ధరించి జ్ఞానులుగాను నిలుచు విద్యార్థులు ఈ రెండవ తెగకు చెందినవారు. అట్టి నటుని ధర్మమేమి? పాఠమును తప్పులేక అప్పగించిన చాలునా? ఈ ప్రశ్నకు జర్మనీదేశమందలి యొక పల్లెచరిత్ర చక్కని సమాధానము నిచ్చుచున్నది. కావున దానిని ఇచ్చట వివరింపదలచితిమి.

బవేరియా మండలమున, ఆల్ప్సు పర్వతముల చెంత, ఓబరామర్గౌ అను గ్రామము కలదు. అది కొయ్యచెక్కడపు పనికి పేరుపొందినది. 1633లో అచ్చట మహామారి వ్యాపించి అనేకులు మరణించిరి. అప్పుడు గ్రామస్థులు, పదేండ్ల కొకమాఱు క్రీస్తు శ్రమలను నాటకముగా ఆడుదుమని మ్రొక్కుకొనిరి. అటుపిమ్మట ఆ తెగులుచే ఒక్కరును చావలేదని ఆ ఊరి ఐతిహ్యము. 1634లో, తెగులున చనిపోయినవారి సమాధులమీద వేదిక గట్టి మొదటి ప్రదర్శనము గావించిరి. రెండవ ప్రపంచయుద్ధమువలన 1940లో నాటకము జరుగలేదు. 2020లో జరుగవలసినది కోవిడు వ్యాధివలన 2022నకు వాయిదాపడెను. ఒక తెగులువలన పుట్టిన నాటకము మఱియొక తెగులువలన రెండేండ్లు ఆగవలసివచ్చెను.

సుమారు 5,000 మంది నివసించు ఆ పల్లెలో వేయిమందికి పైగా పాల్గొను నాటకమిది. ఆ ఊర బుట్టినవారికి, లేక అచ్చట ఇరువదియేండ్లు కాపురమున్నవారికి మాత్రమే వేషము దొరకును. వివాహిత స్త్రీలకును, 35 ఏండ్లు దాటిన స్త్రీలకును 1990 వఱకు ఆ హక్కు లేకుండెను. న్యాయస్థానపు తీర్పుచే అది వారికి లభించెను. ప్రదర్శనమునకు ముందటి సంవత్సరపు భస్మబుధవారము మొదలు నటులు జుట్టును గడ్డమును పెంచవలెను. రోమా సైనికుల వేషధారులకు మాత్రము ఈ నియమము లేదు. 1900, 1910, 1922 సంవత్సరములలో క్రీస్తు పాత్రను ధరించిన ఆంటన్ లాంగ్ వృత్తిచే కుమ్మరి. నేడు ముఖ్యపాత్ర ఒక్కొక్కదానికి ఇద్దఱేసి నటులుందురు. ఒకనాడు ఒకడు, మఱునాడు వేఱొకడు వేదిక నెక్కును. కావున పాత్ర తన సొత్తని ఎవడును అనుకొన వీలులేదు.

ఇట్టి నియమము మన తెలుగువారికి క్రొత్తది కాదు. కృష్ణాతీరపు కూచిపూడిలో భాగవతుల కుటుంబములయందు పుట్టిన ప్రతి పురుషుడును జీవితమున ఒక్కమాఱైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి మాట తీసికొనెనని అచ్చటి సంప్రదాయము. రెండు ఊళ్లలోను వేషము ఒక ఋణము. నటుడు దానిని తీర్చువాడు.

అయితే ఋణము తీర్చుట యనగా పెద్దలు చెప్పిన మాటలనే మార్పులేక పలుకుటయా? ఇచ్చటనే ఈ చరిత్రలోని కఠినమైన పాఠమున్నది.

1930లో రవీంద్రనాథ ఠాకూరు ఆ నాటకమును చూచి, మనసు కదలి, ఇంగ్లీషున "ది చైల్డ్" అను కావ్యము వ్రాసెను. నాలుగేండ్ల పిమ్మట, మున్నూఱేండ్ల ఉత్సవము జరిగిన 1934లో, హిట్లరును అదే నాటకమును చూచి మెచ్చెను. అతనికి నచ్చిన దేమి? ఐరోపాఖండపు శ్రమల నాటకములు పెక్కులు క్రీస్తు మరణదోషమును యూదజాతి యంతటిపై మోపుచుండెను. ఓబరామర్గౌలోను యాజకులకు కొమ్ములవంటి టోపీలు పెట్టి, వారిని దుర్మార్గుల గుంపుగా చూపుచుండిరి. యేసు యూదుడనియు, మరియయు పేతురును యూదులేననియు ప్రేక్షకులు మఱచుచుండిరి. తరువాతి యేండ్లలో హిట్లరు ప్రభుత్వము సుమారు అఱువదిలక్షల యూదులను చంపించెను. ఆ వధకు ఈ నాటకమే కారణమనుట న్యాయము కాదు. కాని ద్వేషమునకు నేలను దున్నినవానిలో ఇట్టి ప్రదర్శనములును కలవు. ఆ నటులు పాఠమును శ్రద్ధతో వల్లించినవారే, గడ్డములు పెంచినవారే. పొరుగువాని చెవికి తమ మాట ఎట్లు వినబడునో విచారించుట యొక్కటే కొఱవడెను.

1965లో వాటికను మహాసభ, క్రీస్తు మరణమునకు యూదజాతి నంతటిని దోషిగా ఎంచరాదని ప్రకటించెను. 1990 నుండి నాటకమును నడుపుచున్న క్రిస్టియన్ స్టూక్ల్ ఆ గ్రామమందు పుట్టినవాడే. ఆయన కాలమున పాఠము మిక్కిలి సవరింపబడెను. కొమ్ముల టోపీలు తొలగింపబడెను. ముఖ్యనటులు ఇశ్రాయేలుదేశమునకు పోయి యూదుల చరిత్రను తెలిసికొనిరి. 2010లో వేదికపై హెబ్రీ భాషలో యూదుల ప్రార్థనగీతము పాడబడెను. 2022లో ముస్లిము మతస్థుడగు ఒక గ్రామయువకుడు యూదా ఇస్కరియోతు పాత్రను ధరించెను.

పూర్వుల మాటలను మార్చుట మ్రొక్కును మీఱుటయే యని కొందఱు గ్రామస్థులు అభ్యంతరము చెప్పిరి. కాని 1633నాటి మ్రొక్కు నాటకమాడుటను గూర్చినదే గాని, ఫలానా మాటలను గూర్చినది కాదు. 1811లోనే ఒథ్మార్ వైస్ అను సన్న్యాసి క్రొత్త పాఠమును వ్రాసెను. రోఖస్ డేడ్లర్ అను పాఠశాలోపాధ్యాయుడు దానికి సంగీతము కూర్చెను. పిమ్మట డైసెన్‌బర్గర్ అను గురువు ఆ పాఠమును మరల దిద్దెను. పాఠము మాఱినను మ్రొక్కు నిలిచినది.

విద్యార్థులారా, మీకు గొల్లవాని వేషము వచ్చినను, హేరోదు వేషము వచ్చినను మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. మొదటిది, పాత్ర మీకు ఎరువు వచ్చినది. మఱుసటి యేడు వేఱొకనికి సంతోషముతో అప్పగింపవలెను. రెండవది, దుష్టపాత్రను ధరించునప్పుడు ఒక మనుష్యుని దోషమును చూపుడు. ఒక జాతినిగాని, కులమునుగాని, మతమునుగాని చూపి నవ్వింపకుడు. మూడవది, పాఠమును కంఠస్థము చేయుటకు ముందు దాని యర్థమును ఉపాధ్యాయు నడుగుడు. ఆ మాటలు ఎవనిగూర్చి చెప్పబడినవో వాడు ముందు వరుసలో కూర్చుండి వినుచున్నాడని భావించి పలికిచూడుడు. అప్పుడు నోరు తడబడినచో, ఆ మాటను దిద్దవలసియున్నదని గ్రహింపుడు.