గంగామాతకు ధర్మకర్త ఎవరు?

కోల్‌కతా నగరమునకు ఉత్తరమున, దక్షిణేశ్వరమందలి స్నానఘట్టము మెట్లపై నిలిచి చూచినచో రెండు దృశ్యములు ఒక్కమారే కన్నులకు గోచరించును. భక్తులు నడుములోతు నీట నిలిచి, దోసిలి పట్టి, సూర్యునకు అర్ఘ్యమిచ్చుచుందురు. వారి ప్రక్కనుండియే వాడిన పూలమాలలు, కాగితపు పొట్లములు, పట్టణపు మాలిన్యము ప్రవాహముతో కొట్టుకొని పోవుచుండును. ఒకడు ఆ నీటిని తల్లియని మ్రొక్కుచున్నాడు. మరియొకడు, ఒక్కొక్కప్పుడు ఆ మ్రొక్కినవాడే, తనకు అక్కరలేనిదానిని అందులో విడిచిపెట్టుచున్నాడు. మ్రొక్కు చేయియు, విసరు చేయియు ఒకే మనుష్యునివి కావచ్చుననుటయే మన విచారణకు మూలము.

నదిని చట్టము రక్షింపగలదా? రక్షింపగలిగినచో భక్తికి పనియేమి? చట్టము చాలనిచో ఇంతకాలము మన భక్తి యేమి చేసినది? ఈ ప్రశ్నలు న్యాయవాదులకు మాత్రమే చెందినవి కావు. గంగను తల్లియని పిలుచు ప్రతివానికిని ఇవి చెందును.

రాణీ రాసమణి కట్టిన గొలుసు

దక్షిణేశ్వరాలయమును నిర్మించి 1855 మే 31న ప్రతిష్ఠ జరిపించిన రాణీ రాసమణిని గూర్చి వంగదేశమున ఒక కథ చెప్పుకొందురు. గంగలో చేపలు పట్టు జాలరులపై కంపెనీ ప్రభుత్వము పన్ను విధించెనట. ఆ బీదలు వచ్చి ఆమెతో మొరపెట్టుకొనిరి. ఆమె ప్రభుత్వముతో కలహింపలేదు. పదివేల రూపాయలు చెల్లించి, నగరము ప్రక్కనున్న నదీభాగమును చట్టప్రకారము కౌలునకు తీసికొనెను. పిమ్మట ఆ భాగమునకు అడ్డముగా ఇనుప గొలుసులు కట్టించెను. ఓడల రాకపోకలు నిలిచిపోయినవి. అధికారులు కారణమడుగగా, ఓడలు తిరిగినచో చేపలు బెదరిపోవుననియు, కౌలుదారుగా తన హక్కును తాను కాపాడుకొనుచున్నాననియు ఆమె బదులు చెప్పెను. తుదకు ప్రభుత్వము ఆమె ధనమును తిరిగి యిచ్చి, పన్నును రద్దు చేసెనని ఆ కథ.

ఈ కథలో గమనింపదగిన అంశమొకటి కలదు. రాసమణి పరమ భక్తురాలు. అయినను గంగామాత తనను తానే కాపాడుకొనునని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. భక్తి ఆమెకు ధైర్యము నిచ్చినది. చట్టము ఆమెకు పనిముట్టైనది. ఈ రెండింటికిని ఆమె మనస్సులో విరోధము లేదు.

నీరు నారాయణుడే, కాని

ఇచట కొందరు భక్తులు ఒక ఆక్షేపణ చేయుదురు. “గంగ సాక్షాత్తు బ్రహ్మస్వరూపిణి. పతితులను పావనము చేయు తల్లికి మనుష్యుని మాలిన్యము అంటునా? అంటునని పలుకుట అపచారము కాదా?” అని వారి వాదము.

ఈ ఆక్షేపణకు సమాధానము గంగాతీరముననే జీవించి, గంగాజలమును పరమ పవిత్రముగా భావించిన శ్రీరామకృష్ణుల ఉపదేశములోనే లభించుచున్నది. జలము నారాయణుడే, అయినను కొంత జలము పూజకు తగును, కొంత ముఖము కడుగుకొనుటకు, కొంత పాత్రలు తోముటకు మాత్రమే తగును, మురికి నీటిని ఎవ్వరును త్రాగరు అని వారు బోధించెడివారు. తత్త్వదృష్టి వ్యవహారదృష్టిని తుడిచివేయదు. ఆత్మ నిత్యశుద్ధమే, అందుచేత దేహమునకు స్నానము వలదని ఎవ్వరైనను చెప్పుదురా? గంగాతత్త్వమునకు మాలిన్యము లేకపోవచ్చును. గంగాజలమును త్రాగు బిడ్డకు మాత్రము వ్యాధి వచ్చును. “తల్లికి ఏమియు కాదు” అను మాట చాలమారులు మన సోమరితనమునకు భక్తి తొడిగిన ముసుగు.

దేవతకు చట్టములో గల స్థానము

ఆలయమందలి దేవతామూర్తి మన దేశపు చట్టము దృష్టిలో ఒక “వ్యక్తి” యని పాఠకులలో కొందరికి తెలియకపోవచ్చును. మూర్తికి ఆస్తి యుండవచ్చును; మూర్తి పేరిట వ్యాజ్యము నడువవచ్చును. అయితే మూర్తి స్వయముగా న్యాయస్థానమున పలుకజాలదు గనుక, దాని పక్షమున వ్యవహరించువాడొకడు కావలెను. వంగదేశమున వానిని సేవాయతు అందురు. మన ధర్మకర్త వంటివాడు.

ఈ విషయమున ప్రసిద్ధమైన రెండు తీర్పులును కలకత్తాకు సంబంధించినవే. మల్లిక్ కుటుంబమున కులదేవతామూర్తిని గూర్చి సేవాయతుల నడుమ వివాదము పుట్టెను. తన వంతు వచ్చినపుడు మూర్తిని తన యింటికి గొనిపోవుదునని యొకరు పట్టుపట్టిరి. వ్యాజ్యము లండనునందలి ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. దేవతామూర్తి ఇటునటు మోసికొనిపోదగిన వట్టి సామగ్రి కాదనియు, మూర్తి యొక్క ఇచ్ఛను సేవాయతులు గౌరవింపవలెననియు, వారి స్వార్థములతో సంబంధము లేని ప్రతినిధి యొకడు మూర్తి పక్షమున మాటలాడవలెననియు 1925లో న్యాయమూర్తులు నిర్ణయించిరి. రెండవది 1969లో మన సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు. దేవత చట్టము దృష్టిలో వ్యక్తియైనచో, ఆ వ్యక్తి ఆదాయముపై పన్నును కూడ విధింపవచ్చునని అందు తేలినది. హక్కు వచ్చినచోటికి బాధ్యతయు వచ్చుననుట ఈ రెండవ తీర్పు సారము.

2017వ సంవత్సరపు తీర్పు

ఈ న్యాయసూత్రమునే ఉత్తరాఖండ హైకోర్టు 2017 మార్చి 20న నదికి అన్వయించినది. గంగా యమునలు చట్టబద్ధమైన వ్యక్తులనియు, జీవించియున్నవారికి గల హక్కులు వానికి కలవనియు ప్రకటించి, నమామి గంగే పథకపు డైరెక్టరును, రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరలును తల్లిదండ్రుల స్థానమున నుంచినది. తల్లికి తల్లిదండ్రులను నియమించుట వినుటకు వింతయే. కాని ఆ తీర్పు ఎక్కువ కాలము నిలువలేదు. నది పెక్కు రాష్ట్రములగుండ ప్రవహించుచుండగా, ఒక్క రాష్ట్రపు అధికారులు దానికెట్లు సంరక్షకులగుదురు? వరదలో ఎవరైనను మరణించినచో నదిపై వ్యాజ్యము వేయవచ్చునా? నష్టపరిహారము నెవరు చెల్లింపవలెను? ఇట్టి ప్రశ్నలతో రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీం కోర్టునకు పోయెను. జులై 7న ఆ కోర్టు తీర్పు అమలును నిలిపివేసినది.

విచిత్రమేమనగా, సరిగా ఆ మార్చి 20వ తేదీననే న్యూజిలాండు దేశమున వాంగనూయి నదిని వ్యక్తిగా గుర్తించు శాసనమునకు రాజముద్ర పడినది. అచట శాసనమునకు ముందు మావోరీ ప్రజలు తరతరములుగా పోరాడిరి. నది పక్షమున మాటలాడుటకు ఇరువురు నియమింపబడిరి: ఒకరు ప్రభుత్వ పక్షమువారు, ఒకరు తీరవాసుల పక్షమువారు. నది క్షేమమునకై నిధియు ఏర్పడినది. మన తీర్పు పైనుండి దిగివచ్చినది. వారి శాసనము తీరమునుండి పైకి లేచినది. మనకు లోపించినది నదికి వ్యక్తి యను పేరు కాదు, ఆ పేరును నిలబెట్టగల సేవాయతులు.

స్వేచ్ఛగా ప్రవహించు గంగ

మాలిన్యమును ఆపినంతమాత్రమున నది బ్రదుకదు. ప్రవాహమే నదికి ప్రాణము. అమెరికా దేశము 1968లో ఎనిమిది నదులతో ఆరంభించి, కొన్ని నదీభాగములను ఆనకట్టలు లేకుండ సహజస్థితిలోనే విడిచిపెట్టవలెనని ప్రత్యేక శాసనము చేసినది. మన దేశమున దానికి మిక్కిలి దగ్గరగా వచ్చినది హిమాలయమందలి భాగీరథి విషయము. లోహారినాగ్ పాలా మొదలైన జలవిద్యుత్ పథకములను 2010లో కేంద్ర ప్రభుత్వము విరమించుకొన్నది. 2012 డిసెంబరులో గోముఖము మొదలు ఉత్తరకాశి వరకు సుమారు 100 కిలోమీటర్ల నదీభాగమును, దాని పరివాహక ప్రాంతమును పర్యావరణ రక్షితమండలముగా ప్రకటించినది.

ఈ ఫలితము వెనుక ఒక వృద్ధుని తపస్సు కలదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడుగా నుండిన ఇంజనీరు జి. డి. అగర్వాల్ గంగ స్వేచ్ఛాప్రవాహము కొరకు పలుమారులు నిరశనవ్రతము పూనెను. 2011లో సన్న్యసించి స్వామి జ్ఞానస్వరూప సానంద్ అయ్యెను. గంగారక్షణకై ప్రత్యేక శాసనము కావలెనని కోరుచు 2018 జూన్ 22న తుది వ్రతమారంభించి, 111 దినముల పిమ్మట అక్టోబరు 11న దేహము చాలించెను. ఆనకట్టల శాస్త్రము నెరిగినవాడే, నదికి ఏమి కావలెనో చెప్పుటకై ప్రాణము నిచ్చెను. ఆ దినములలోనే ప్రభుత్వము నదిలో ఎల్లప్పుడును ఉండవలసిన కనీస ప్రవాహమును నిర్ణయించి ఉత్తరువు వెలువరించినది. హరిద్వారమునకు ఎగువన ఎండకాలములో, చలికాలములో, వర్షాకాలములో సహజప్రవాహమున నూటికి 20 మొదలు 30 వంతులవరకు నదిలోనే విడువవలెనని అందు కలదు. ఆ ఉత్తరువు ఉన్నావు పట్టణముతో ముగియును. గంగ మాత్రము అచట ముగియదు.

వంగదేశమునకు వచ్చునప్పటికి ఆమె మరియొక కట్టడమును దాటవలసియున్నది. కలకత్తా రేవు పూడికతో నిండకుండుటకై నిర్మించిన ఫరక్కా బ్యారేజి 1975లో పనిచేయ నారంభించినది. 38 కిలోమీటర్ల కాలువ గంగాజలమును హుగ్లీలోనికి మళ్లించును. రేవునకు మేలు చేయవలెనని కట్టిన ఆ కట్టడమే, వెనుక అలహాబాదు వరకు ఎదురీది పోయిన పులసజాతి చేపకు అడ్డుగోడయైనది. ఎగువ జాలరుల వలలు శూన్యములైనవి. రాసమణి గొలుసు జాలరులకై కట్టబడినది. ఈ గొలుసునకు తాళము తీయు రాణి ఇంకను రావలసియున్నది.

మనము చేయవలసినది

జలకాలుష్య నివారణ శాసనము 1974 నుండియు కలదు. గంగా కార్యాచరణ పథకము 1986లో ఆరంభమైనది. కాన్పూరు తోలు కర్మాగారముల విషయమున సుప్రీం కోర్టు 1987లోను, ఆ పురపాలక సంఘము విషయమున 1988లోను కఠినమైన ఆదేశము లిచ్చినది. ఆ వ్యాజ్యము వేసిన న్యాయవాది గంగాతీరమున భూమి గలవాడు కాడు. అయినను ఆ నీటిని వాడు ప్రజల ప్రాణములను కాపాడగోరువాడు గనుక అడుగుటకు అర్హుడేయని కోర్టు అంగీకరించినది. ఇది మనకు గొప్ప ఆధారము. తీరమున ఇల్లు లేకున్నను నదికి సేవాయతు కావచ్చును. 1976లో రాజ్యాంగమునకు చేర్చబడిన ప్రాథమిక విధులలో నదులను రక్షించుట ప్రతి పౌరుని విధియని చెప్పబడియున్నది. ధర్మకర్త పదవికి నియామకపత్రము మనకిదివరకే అందినది, స్వీకరించుటయే తరువాయి.

తెలుగువారమైన మనకు గంగ దూరపు నది కాదు. గోదావరిని గౌతమీగంగ యందుము. శ్రీశైలమున కృష్ణను పాతాళగంగ యందుము. ఊరి దేవతను గంగమ్మ యందుము. పిలుపులో ఇంత చనువు చూపు జాతి నడవడిలో కూడ దానిని చూపవలెను. మన యూరి మురుగుకాలువ ఏ యేటిలో కలియుచున్నదో తెలిసికొనుట, దానిని శుద్ధిచేయక విడిచినచో పురపాలక సంఘమును వినయముతోను పట్టుదలతోను అడుగుట, పుష్కరస్నానమునకు పోయినపుడు పూజాద్రవ్యములను నీటిలో వదలకుండుట — ఇవి చిన్న పనులే. అయినను పూజకంటె తక్కువవి కావు. సంధ్యవార్చిన చేతితో చెత్తను విసరకుండుట కూడ సంధ్యలో భాగమే.

ఒకనాడు దక్షిణేశ్వర ఘట్టమున ఇరువురు పడవవారు కలహించిరి. బలవంతుడు దుర్బలుని వీపుపై గట్టిగా కొట్టెను. చూచుచున్న శ్రీరామకృష్ణులు బాధతో కేకవేసిరి. హృదయుడు పరుగెత్తుకొనివచ్చి చూడగా వారి వీపు ఎఱ్ఱబారి వాచియుండెను. ఇతరుల దెబ్బ తనకు తగులుటయే అద్వైతానుభవము. అంతటి అనుభవము మనకు లేకపోవచ్చును. కనీసము నదికి తగిలిన దెబ్బ మన బిడ్డలకు తగులునని గ్రహించు వివేకమైనను మనకుండవలెను. ఆ వివేకము కలిగిననాడు గంగామాతకు ధర్మకర్త ఎవరని అడుగవలసిన పని యుండదు.