సెలవు రోజు ఎవరి హక్కు?

ధర్మవరంలో గుంటమగ్గం నేసే సోదరునికీ, పెనుకొండ సమీపాన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే యువకునికీ, హిందూపురం దుకాణదారునికీ సెలవు రోజు ఎంతో ప్రియం. కాని మనం దాన్నెలా గడుపుతున్నాం? ముందురోజు అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్, తెల్లవారితే ఫజ్ర్ నమాజు పోగొట్టుకుని మధ్యాహ్నం వరకు నిద్ర. అలసట తీరదు, ఇంటివారికి మన ముఖమూ కనబడదు.

విశ్రాంతి తప్పు కాదు. నిద్రను అల్లాహ్ మన విశ్రాంతికే ఏర్పరిచాడని ఖుర్ఆన్ (78:9) తెలుపుతోంది. హజ్రత్ అబూ దర్దా (రజి) రాత్రి ఆరంభంలోనే నఫిల్ నమాజుకు లేవబోతే, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయన్ను పడుకోమన్నారు. చివరి జామున ఇద్దరూ కలసి నమాజు చేశారు. ప్రభువుకూ, తన దేహానికీ, ఇంటివారికీ ఎవరి హక్కు వారికివ్వాలని సల్మాన్ (రజి) బోధించారు. అది నిజమేనని దైవప్రవక్త (స) ధృవపరిచారు (బుఖారీ).

కనుక ఇషా కాగానే పడుకుందాం, ఫజ్ర్‌కు లేద్దాం, సాయంత్రం ఆలుబిడ్డలకిద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.